బూడిదలో భాస్వరం

అందరికీ నమస్కారం. పండగ కలయికలో మురుగు గురించి మాట్లాడతానంటే ఒప్పుకుని మైకు ఇచ్చారు చూడండి, ముందు నిర్వాహకుల ధైర్యానికి థ్యాంక్స్.

ఈ సీసాలో ఉన్నది బూడిద. ఇక్కడే బెంగళూరులో, మా అపార్ట్‌మెంట్ ఎస్టీపీలో, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటులో, అడుగున చేరిన మడ్డిని ఎండబెట్టి ల్యాబ్ ఫర్నేసులో కాల్పించాను. మూత తీసి చూడండి, వాసన రాదు. ఆ ఎరుపు ఇనుముది. మడ్డిని కాలిస్తే కార్బన్, నత్రజని పొగలో పోతాయి, రోగక్రిములు చస్తాయి. పంటలకి ఎరువుగా వేసే భాస్వరం (ఫాస్ఫరస్) మాత్రం ఎటూ పోదు. ఊరి మురుగు మడ్డిని విడిగా కాల్చిన బూడిదలో మామూలుగా 5 నుంచి 10 శాతం దాకా అదే ఉంటుంది.

ఒక్కో మనిషి నుంచి ఏడాదికి సుమారు అర కిలో భాస్వరం మురుగులోకి వెళ్తుంది. 50 కిలోల డీఏపీ ఎరువు బస్తాలో ఉండేది దగ్గర దగ్గర 10 కిలోలు. అంటే 20 మంది కలిసి ఏడాదికి ఒక బస్తా! ఆరొందల మంది ఉండే అపార్ట్‌మెంట్ అయితే 30 బస్తాలు. కాగితం మీద లెక్కే అనుకోండి, ఎందుకంటే అంతా మడ్డిలోకి దిగదు, కొంత నీళ్లతో పోతుంది. ఇక్కడి బెళ్లందూరు చెరువు నురగ గురించి దేశమంతా మాట్లాడింది గానీ, అక్కడ గుర్రపుడెక్కని మేపేది ఈ భాస్వరమూ నత్రజనే.

ఇంకోపక్క మన దేశం రాక్ ఫాస్ఫేట్‌ని, అంటే భాస్వరం ఉండే రాయిని, ఓడల్లో తెప్పించుకుంటోంది. ఉదయ్‌పూర్ దగ్గర ఝామర్‌కోట్రా లాంటి గనులు ఉన్నా, అవి మన అవసరానికి చాలవు. ప్రపంచ నిల్వల్లో ముప్పాతిక వంతుకి కాస్త తక్కువ మొరాకో, పశ్చిమ సహారాల్లోనే ఉంది.

పెరట్లో వంగమొక్కలకి పొయ్యి బూడిద చల్లినట్టు దీన్నీ చల్లేయొచ్చా అని అడుగుతారు. వద్దండీ. ఇందులో భాస్వరం కాల్షియం, ఇనుము, అల్యూమినియంలతో బిగిసిపోయి ఉంటుంది, వేర్లకి సులువుగా అందదు. పైగా మడ్డిలో హాని చేసే లోహాలూ ఉంటాయి. పాదరసం కాల్చేటప్పుడే ఆవిరై పొగలోకి పోతుంది, దాన్ని అక్కడే పట్టుకోవాలి. సీసం, రాగి, జింకు లాంటివి చాలావరకు బూడిదలోనే మిగులుతాయి.

అందుకే యాసిడ్‌తో కరిగించి, లోహాలను వేరు చేసి, ఫాస్ఫారిక్ యాసిడ్ తీస్తారు. ఆ పద్ధతిలో జర్మనీలోని హాంబర్గ్‌లో ప్లాంటు కట్టారు, పక్కనే జిప్సం కూడా వస్తుంది. 1669లో హెనిగ్ బ్రాండ్ అనే రసవాది బంగారం చేద్దామని మూత్రాన్ని మరిగించి భాస్వరం కనిపెట్టింది కూడా ఆ ఊళ్లోనే! జర్మనీ 2017లో చట్టం తెచ్చింది. దాని ప్రకారం పెద్ద మురుగు ప్లాంట్లు 2029 నుంచి భాస్వరాన్ని తిరిగి రాబట్టాలి.

మరి మనమూ రేపే కొలిమి కట్టేద్దామా? నా మాట వింటే తొందరొద్దు. మడ్డిని సెంట్రిఫ్యూజ్‌లో పిండాక కూడా ముప్పాతిక వంతు నీళ్లే. దాన్ని ఆరబెట్టడానికి ఇంధనం, పొగని కడగడానికి యంత్రాలు, రెండూ బోలెడు ఖర్చు. ఒక్కో అపార్ట్‌మెంట్‌కి అయ్యే పని కాదు, ఊరంతటికీ కలిపి పెట్టాల్సిందే. అంతకన్నా ముందు ఎలక్ట్రోప్లేటింగ్ (లోహపు పూత వేసే) యూనిట్ల నీళ్లు ఇళ్ల మురుగులో కలవకుండా చూడాలి. కోలార్ వైపు నుంచి వచ్చినవాళ్లకి ఈ జాగ్రత్త విలువ చెప్పక్కర్లేదు. 2018 నుంచి బెంగళూరు శుద్ధి చేసిన నీళ్లు మీ చెరువుల్లోకి వస్తున్నాయి. మడ్డి మాత్రం ఇక్కడే ఉండిపోతోంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా అడ్డుపడతాను. మడ్డిని సిమెంట్ ఫ్యాక్టరీకి ఇచ్చేస్తే పీడా పోతుందని కొందరంటారు. పీడతో పాటు భాస్వరమూ సిమెంట్‌లో కలిసిపోతుంది, ఇక తీయలేం. చెత్తతో కలిపి కాల్చినా అంతే, పల్చబడిపోతుంది. ఎప్పుడు కాల్చినా మడ్డిని విడిగా కాల్చాలి. యాసిడ్ ప్లాంటు ఇంకా రాకపోతే ఆ బూడిదని వేరే ఏదీ కలపకుండా ఒకచోట పోసి ఉంచాలి. జ్యూరిక్‌లో అలాగే దాస్తున్నారు. ఇక ప్రశ్నలు అడగండి.