ఇది ఏ రాత్రి ఎగిరిన హోర్సా?

సభకు నమస్కారం. ఈ సాయంత్రం నేను రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాడిన ఎయిర్‌స్పీడ్ హోర్సా గ్లైడర్ (మరో విమానం తాడుతో లాగగా ఎగిరే, ఇంజిన్ లేని విమానం) గురించి, దాని రకాలను మోడల్‌లో తేడా తెలిసేలా చూపడం గురించి మాట్లాడతాను. పెట్టె తెరవగానే కత్తి అందుకోవడం మనందరికీ ఉన్న అలవాటే. హోర్సా విషయంలో మాత్రం జిగురు ముట్టుకునే ముందు ఒక తేదీని తేల్చుకోవాలని నా అభిప్రాయం. తాడు ఎక్కడ కట్టాలి, తోక ఎలా ఊడాలి, ఏ రంగు వేయాలి అన్న మూడింటికీ జవాబు ఆ తేదీలోనే ఉంటుంది.

1941 సెప్టెంబరు 12న ఒక విట్లీ బాంబర్ లాగగా హోర్సా తొలిసారి గాలిలోకి లేచింది. తరువాతి ఏళ్లలో మూడు వేల ఆరు వందలకు పైగా తయారయ్యాయి. వాటిలో చాలా భాగాలు విమాన కర్మాగారాల్లో కాక, హారిస్ లీబస్ వంటి ఫర్నిచర్ సంస్థల వడ్రంగుల చేతుల్లో తయారయ్యాయి. రెక్కల విస్తారం 88 అడుగులు, అంటే 1/72 స్కేల్‌లో సుమారు 37 సెంటీమీటర్లు. ఒళ్లంతా చెక్క, పైన ప్లైవుడ్ పొర. అందుకే అల్యూమినియం విమానాలకు చేసినట్టు రివెట్ల వరుసలు పొడవడం, పలకల అతుకులు లోతుగా చెక్కడం దీనికి నప్పవు. నా లెక్కలో హోర్సా మోడల్‌ను ఎక్కువగా పాడుచేసేది ఈ అత్యుత్సాహమే.

ఇక తాడు సంగతి. హోర్సా మొదటి రకమైన మార్క్ 1లో లాగే తాడు చివర రెండు పాయలుగా చీలి, రెండు రెక్కల మీద ఉన్న కొక్కేలకు తగులుకుంటుంది. తరువాతి రకమైన మార్క్ 2లో ఒకే తాడు నేరుగా ముక్కు చక్రపు కాలికి తగులుకుంటుంది. నేను కట్టిన మొదటి హోర్సా 1944 జూన్ నాటి నార్మండీ (ఫ్రాన్స్ తీరం) దాడి గుర్తులున్న మార్క్ 1. దానికి ఒంటి తాడు తీసి ముక్కు చక్రానికి కట్టి, ఎంతో ముచ్చటగా ప్రదర్శనకు పెట్టాను. ఒక పెద్దాయన వంగి చూసి, "బాబూ, దీని తాడు వచ్చే సంవత్సరానిది" అని మాత్రం అని వెళ్లిపోయారు. అప్పటినుంచి నేను ముందు తాడు చూసి, తరువాతే రంగు చూస్తాను.

మార్క్ 1లో జీపు ఎక్కించేది ముందు భాగంలో ఎడమ పక్కనున్న తలుపు గుండా, వాలు పలకల మీదుగా. ఆ ఇరుకులో బండిని తిప్పి ఎక్కించడమే కష్టమనుకుంటే, శత్రువు కాల్పుల మధ్య దింపడం అంతకన్నా కష్టం. అందుకని 1944 తొలినాళ్లలో తోకను ఎనిమిది బోల్టులతో చప్పున విడదీసి, నియంత్రణ తీగలను కత్తిరించే ఏర్పాటు తెచ్చారు. నార్మండీ పొలాల్లో నిలిచిన హోర్సాను చూపాలంటే తోక ఊడిన మోడల్ ఎంతో సహజంగా ఉంటుంది. అదే 1942 నవంబరులో నార్వే మీదికి పంపిన రెండు హోర్సాలలో ఒకదాన్ని చేసేవారు ఈ బోల్టుల జోలికి పోకూడదు.

మార్క్ 2లో కాక్‌పిట్‌తో సహా ముక్కు మొత్తం పక్కకు తెరుచుకుంటుంది, ముక్కు చక్రాలు రెండు. ఇటాలెరి వారి 1/72 కిట్ మార్క్ 1ది కాబట్టి, 1945 మార్చి 24న రైన్ నది దాటిన దాడిలోని మార్క్ 2 కావాలంటే శ్రమ తప్పదు. రెక్కల మీది కొక్కేలను పుట్టీతో కప్పేయాలి, ముక్కు చక్రం పక్కన రెండోదాన్ని చేర్చాలి, కాక్‌పిట్ వెనుక చుట్టూ ఒక సన్నని గీత గీయాలి. ముక్కు మూసి ఉన్నప్పుడు ఆ గీత తప్ప మరేమీ కనిపించదు కనుక, తెరిచి చూపే మోజు లేనివారు లోపలి పని మానుకోవచ్చు.

మన దేశం నుంచి ఎగిరిన గ్లైడర్లు కూడా హోర్సాలేనా అని తరచుగా అడుగుతుంటారు. 1944 మార్చి 5న అస్సాంలోని లాలాఘాట్ నుంచి బర్మా అడవుల్లోకి వెళ్లినవి అమెరికన్ వాకోలు. ఉక్కు గొట్టాల చట్రం మీద గుడ్డ కప్పిన ఆ యంత్రాలకు వేరే ఉపన్యాసమే కావాలి.

చివరగా, 1944 జూన్ 6 తొలి నిమిషాల్లో నార్మండీలోని కాన్ కాలువ వంతెన పక్కన దిగిన మూడు హోర్సాల సంగతి. మన పక్షపు విమానమని గుర్తుపట్టేందుకు రెక్కల మీద, ఒంటి మీద వేసిన నలుపు తెలుపు పట్టీలను జూన్ మొదటి రోజుల్లోనే హడావిడిగా పూశారు కాబట్టి, వాటి అంచులు టేపుతో తీర్చినంత నున్నగా ఉండనక్కర్లేదు. జిమ్ వాల్‌వర్క్ నడిపిన మొదటి గ్లైడర్ ముక్కు నుజ్జయి, ఇద్దరు పైలట్లూ అద్దంలోంచి బయటికి విసిరేసినట్టు పడ్డారు. అలా విరిగిపోవడాన్ని ప్లాస్టిక్‌ను కరిగించో వంచో చూపబోతే అది వంగిన రేకులా కనిపిస్తుంది తప్ప విరిగిన చెక్కలా ఉండదు. నేను ప్లాస్టిక్ ముక్కును పలుచగా అరగదీసి, విరిగిన అంచుల వెంట పెన్సిల్ చెక్కినప్పుడు రాలే పొరలను అతికించి, పీచు బయటికి కనిపించేలా గోటితో చించుతాను.