బూడిద దిబ్బల్లో ఎముకలు

అందరికీ నమస్కారం.

హంపీకి దగ్గర్లో నింబాపురం అనే ఊరుంది. అక్కడి బూడిద దిబ్బను చూపించి, వాలిని దహనం చేసింది ఇక్కడేనని చెబుతారు. ఇలాంటి దిబ్బలు బళ్లారి, రాయచూరు నుంచి మన అనంతపురం, మహబూబ్‌నగర్ దాకా ఉన్నాయి.

1957లో ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఒక దిబ్బను తవ్వించారు. బూడిద పొరల మధ్య పశువుల గిట్టల అచ్చులు కనిపించాయి. దడికి పాతిన గుంజల గుంతలూ బయటపడ్డాయి. అంటే అది కొత్తరాతియుగం నాటి పశువుల దొడ్డి. పేడ పేరుకున్నాక నిప్పు పెట్టారు, మళ్లీ దడి కట్టారు, మళ్లీ కాల్చారు. ఇన్నిసార్లు కాల్చారంటే అది ప్రమాదం కాదు, ఆనవాయితీ అనే నా నమ్మకం.

మరి ఆ పశువులను తిన్నారా? ఈ ప్రశ్న అడగడానికి ఈ రోజుల్లో కొందరు జంకుతారు. ఎముక మీద గాటు ఉంటే ఉందనే చెప్పాలి. కర్ణాటకలోని బుదిహాళ్ బూడిద దిబ్బ దగ్గర పురావస్తు శాస్త్రవేత్త కాట్రగడ్డ పద్దయ్యగారి తవ్వకాల్లో పశువులను కోసిన చోటే బయటపడింది. ఎముకలు, వాటి మధ్యే రాతి పనిముట్లు.

గాట్లు కీళ్ల దగ్గరుంటే ముక్కలు విడదీశారని అర్థం. పొడుగు ఎముక పగిలి ఉంటే మూలుగ కోసం కొట్టి ఉండొచ్చు. మూలుగ బొక్క రుచి తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పళ్ల అరుగుదల వయసు చెబుతుంది. లేత వయసులోనే ఎక్కువ చనిపోతే మాంసానికి పెంచారని, ముసలివి ఎక్కువుంటే పాలకో పనికో ఉంచుకున్నారని అంచనా వేస్తాం.

కానీ ఒక్క ఎముకలనే నమ్మితే పొరపాటు పడతాం. ఎముక మిగిలినంతగా గింజ మిగలదు, కాలి బొగ్గయితేనే నిలుస్తుంది. అందుకే వీళ్లను చాలాకాలం ఉత్త పశుపాలకులనుకున్నారు. మట్టిని నీళ్లలో కడిగి, తేలిన బొగ్గు గింజలను ఏరితే ఉలవలు, పెసలు, అండుకొర్రలు దొరికాయి. వాళ్ల తిండిలో మాంసంతో పాటు మన ఉలవలూ ఉన్నాయన్నమాట.

ఇప్పుడీ దిబ్బల బూడిదను ఎరువుకని బండ్లకెత్తుతున్నారు. నాకు నిజంగా బాధగా ఉంది. మీ ఊళ్లో దిబ్బ ఉంటే దయచేసి తవ్వనివ్వకండి. ఎముక కనిపిస్తే ఇంటికి తెచ్చుకోవద్దు. ఏ పొరలో ఉందో తెలియని ఎముక మాకేమీ చెప్పలేదు. ఉన్నచోటే వదిలేసి, పురావస్తు శాఖకు కబురు పెట్టండి.