ఎడమ మోకాలు పలకలేదు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అయిపోతాయి, మన్నించాలి. సెప్టెంబర్ 8, ఫిజియోథెరపీ దినోత్సవం కదా, పెద్దవయసులో వ్యాయామం గురించి మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ ఎదురుగా తెల్లకోట్లలో మిమ్మల్ని చూస్తుంటే నాకు నా కాలే గుర్తొస్తోంది. ఆ కాగితం పక్కన పెట్టేస్తున్నా.

నాకు పొట్ట కోసి గర్భసంచి తీశారు. మర్నాడు నర్సమ్మ "లేవండమ్మా, నడవాలి" అంది. మంచం దిగి ఎడమకాలు మోపానో లేదో, మోకాలు చటుక్కున మడతపడింది. సెలైన్ స్టాండు పట్టుకుని కూలబడ్డాను. మత్తు దిగలేదన్నారు. తర్వాత నీరసం అన్నారు. ఆ తర్వాత వయసన్నారు. తొడ గిల్లుకుంటే ఎవరి తొడో గిల్లినట్టుందయ్యా అంటే, "టెన్షన్ పడకండి మేడమ్" అన్నారు.

పదో రోజున ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. మీ ఈడుదే. మంచం అంచున కూర్చోబెట్టి, మోకాలిచిప్ప కింద చిన్న సుత్తితో కొట్టింది. కుడికాలు ఎగిరింది. ఎడమది పలకలేదు. మళ్లీ కొట్టింది. "ఇది నీరసం కాదు మేడమ్, ఫీమోరల్ నరం" అంది.

మీకు తెలిసిందే, బయటి నుంచి వచ్చినవాళ్ల కోసం చెబుతున్నా. ఈ నరం వెన్ను నుంచి బయలుదేరి, నడుము లోపలుండే సోయాస్ కండరం పక్కగా, గజ్జ మీదుగా తొడలోకి దిగుతుంది. కోతను తెరిచి ఉంచే రిట్రాక్టర్ ఆ కండరాన్ని ఎక్కువసేపు నొక్కితే నరం నలుగుతుంది. బక్కపలచటివాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. తుంటి కీలు మార్చేటప్పుడూ జరగొచ్చు. నలిగి ఊరుకుంటే చాలామందికి వారాల్లోనో నెలల్లోనో తేరుకుంటుంది. లోపలి పోగులే తెగితే మాత్రం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ రావాలి.

డాక్టర్లను తిట్టడానికి రాలేదు నేను. ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి జరుగుతుంది. నా కోపమంతా ఆ పది రోజుల మీద. ముందు సంతకం పెట్టించుకున్న కాగితంలో ఇదీ ఉందట. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినదాన్ని, నాకిచ్చింది ఇంగ్లీషు కాగితం!

అలిపిరి మెట్లెక్కి వస్తానని స్వామికి మొక్కుకున్నా. 3550 మెట్లు. మా ఇంట్లో నాలుగు మెట్లు దిగడానికే గోడ పట్టుకునేదాన్ని. ఎక్కడం కాదు నాయనా, దిగేటప్పుడే మోకాలు మోసం చేస్తుంది. పద్నాలుగు నెలలకు కొండెక్కాను. మోకాళ్ల పర్వతం దగ్గర జనం మోకాళ్ల మీద పోతుంటే, నేను మాత్రం కమ్మీ పట్టుకుని నిలబడే ఎక్కాను. స్వామి ఏమీ అనుకోలేదు.

వెనక వరసలో ఫోన్ చూసే బాబూ, నీ దగ్గర సుత్తి ఉందా? తీసుకుని ఇట్లా రా. నా ఎడమకాలు ఇప్పటికీ కుడిదానంత ఎగరదు. కొట్టి చూడు.