చైనాకు మూడేళ్లు పట్టింది, మనకెన్నాళ్లు?

శ్రోతలకు నమస్కారం.

2021 ఆగస్టు 2, సోమవారం ఉదయం ఎనిమిదిన్నర. టోక్యో ఒలింపిక్స్‌లో మన అమ్మాయిలకు ఆస్ట్రేలియాతో హాకీ క్వార్టర్ ఫైనల్. గ్రూపులో మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడి, చివరి రెండూ గెలిచి, పడుతూ లేస్తూ అక్కడిదాకా వచ్చిన జట్టు అది. పెనాల్టీ కార్నర్‌ను గుర్‌జీత్ కౌర్ గోల్ చేసింది. ఆ ఒక్క గోల్‌నూ గోల్‌కీపర్ సవిత చివరి నిమిషం దాకా కాపాడింది. మన మహిళల జట్టు మొదటిసారి ఒలింపిక్ సెమీఫైనల్‌కు చేరింది. పతకం చేజారినా, నాలుగో స్థానం దక్కింది. అదే టోక్యోలో చైనా కనీసం క్వార్టర్ ఫైనల్‌కు కూడా రాలేదు.

సరిగ్గా మూడేళ్లకు పారిస్‌లో చైనా రజత పతకం గెలిచింది. ఫైనల్లో నెదర్లాండ్స్‌ను షూటౌట్ దాకా లాక్కెళ్లింది. మనం అసలు పారిస్‌కే వెళ్లలేదు.

ఆ మూడేళ్లలో చైనా చేసిన పని పెద్ద రహస్యమేం కాదు. టోక్యోలో నెదర్లాండ్స్‌కు స్వర్ణం తెచ్చిన కోచ్ అలిసన్ అన్నన్‌ను పిలిపించుకుంది. పారిస్ అయ్యేదాకా ఆమెను కదపలేదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల సెమీఫైనల్లో మనల్ని 4-0తో ఓడించి, ఆ తర్వాత స్వర్ణం గెలిచి నేరుగా ఒలింపిక్స్ టికెట్ పట్టేసింది. మనకు 2024 జనవరిలో రాంచీ క్వాలిఫయర్స్ ఒక్కటే దారి. మూడు బెర్తులు, సొంత మైదానం, స్టేడియం నిండా మనవాళ్లే. చివరి బెర్తు కోసం జపాన్‌తో ఆడి 0-1తో ఓడిపోయాం.

ఆ మ్యాచ్‌లో దొరికిన పెనాల్టీ కార్నర్లలో ఒక్కటి కూడా గోల్ కాలేదు. నన్నడిగితే మన జట్టు కథంతా అక్కడే ఉంది. హాకీ అలవాటు లేనివారికి కాస్త వివరంగా చెబుతాను. పెనాల్టీ కార్నర్ అంటే ముందే రిహార్సల్ చేసుకున్న దాడి. ఒకరు గోల్ లైన్ నుంచి బంతిని తోస్తారు, గోల్ ముందు గీసిన అర్ధవృత్తం, అంటే డీ బయట మరొకరు దాన్ని ఆపుతారు, మూడో మనిషి డ్రాగ్ ఫ్లిక్‌తో గోల్‌లోకి విసురుతుంది. ముగ్గురిలో ఏ ఒక్కరు రెప్పపాటు ఆలస్యం చేసినా, గోల్ వైపు నుంచి పరుగెత్తుకొచ్చే డిఫెండర్లు అడ్డం పడతారు. ఇది నెలల తరబడి ఒకే ముగ్గురు కలిసి చేస్తే గానీ కుదరని పని. గుర్‌జీత్ తర్వాత మనకు ఆ స్థానంలో కుదురుకున్న మనిషి చాలాకాలం దొరకలేదు. దీపిక వచ్చాక ఆశ పుట్టింది. 2024 నవంబరులో రాజ్‌గిర్‌లో జరిగిన ఆసియన్ చాంపియన్స్ ట్రోఫీలో ఆమె 11 గోల్స్ కొట్టింది. ఫైనల్లో చైనాపై మనం గెలిచింది 1-0తో, ఆ గోల్ కూడా ఆమెదే. కానీ 2025 ఆసియా కప్‌కు గాయంతో ఆమె లేదు. సవితా లేదు. ఫైనల్లో అదే చైనా మనల్ని 4-1తో ఓడించింది. ఇద్దరు లేకపోతే ఇంత తేడా వచ్చే జట్టును పతకం రేసులో ఉన్న జట్టు అని నేననలేను.

అంతకుముందే అదే ఏడాది, ప్రపంచ మేటి జట్లు తలపడే ప్రో లీగ్‌లో అట్టడుగున నిలిచి, కిందిస్థాయి నేషన్స్ కప్‌కు జారిపోయాం. ఓటమి కన్నా దీని నష్టమే ఎక్కువ. నెదర్లాండ్స్, అర్జెంటీనా లాంటి జట్లతో ఏటా ఆడే అవకాశం పోయింది. ఎదిగే పిల్లలకు దెబ్బలు తినే చోటే బడి. ఆ బడే మూసేసినట్టయింది.

ఇక కోచ్‌ల సంగతి. టోక్యో తర్వాత షోర్డ్ మరీనె వెళ్లిపోయాడు. తర్వాత యానెకె స్కోప్‌మన్, ఆ తర్వాత హరేంద్ర సింగ్, ఇప్పుడు మళ్లీ మరీనె. గోడకో మేస్త్రీని మారిస్తే ఇల్లు ఎలా లేస్తుంది? పాత మేస్త్రీ తిరిగి రావడం మంచిదే, వచ్చినవాణ్ణి ఈసారైనా ఉండనివ్వాలి.

అలాగని నిరాశ పడక్కర్లేదు. 2025 జనవరిలో మహిళల హాకీ ఇండియా లీగ్ మొదలైంది. విదేశీ స్టార్లతో ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చునే అవకాశం మన పిల్లలకు వచ్చింది. జార్ఖండ్‌లోని సిమ్‌డేగా నుంచి సలీమా టేటే కెప్టెన్ దాకా ఎదిగింది. ఆ ఊళ్లలో ఆడపిల్లల చేతికి ముందు వచ్చేది హాకీ కర్రే. మన వైపు నుంచి చెప్పుకోవడానికి ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెటూరి అమ్మాయి, గోల్‌కీపర్ రజని ఉంది. ఏళ్ల తరబడి సవిత వెనక రెండో గోల్‌కీపర్‌గా ఓపిక పట్టిన మనిషి. పురుషుల లీగ్‌లో హైదరాబాద్ పేరుతో జట్టుంది గానీ, మహిళల లీగ్ మొదలైనప్పుడు మాత్రం లేదు. ఎందుకు లేదో అడిగినవాళ్లు కూడా నాకు పెద్దగా కనబడలేదు.

నా అంచనా చెప్పమంటే, ఆసియాలో మొదటి రెండు జట్లలో మనం ఇప్పుడే ఉన్నాం. లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు అర్హత వస్తే క్వార్టర్ ఫైనల్ అందని పండు కాదు. పతకం మాత్రం, దీపికకు తోడు ఇంకో ఇద్దరు ఫ్లిక్కర్లు తయారైతేనే. అర్హతకు దగ్గరి దారి జపాన్‌లోని నగోయాలో, ఆసియా క్రీడల స్వర్ణం. ఆ దారిలో కాచుకుని ఉండేది ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

నమస్కారం.