పురుగులా కనిపించే నత్త చుట్టం

తమ్ముడు: అందరికీ నమస్కారం. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాం. డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పే మా అక్క ఈసారి కూడా పక్కనే ఉంది. నత్తల ఎపిసోడ్ విన్నాక కరీంనగర్ నుంచి ఒక విద్యార్థి మెసేజ్ పెట్టాడు. మొలస్కా అంటే నత్తలు, ఆల్చిప్పలు, ఆక్టోపస్‌ల సమూహం కదా, అందులో క్లాసులు, అంటే వర్గాలు, ఒక పుస్తకంలో ఏడు, ఇంకో పుస్తకంలో ఎనిమిది ఉన్నాయట. పరీక్షలు దగ్గరికొచ్చాయి, ఏది రాయాలో తెలియక టెన్షన్ పడుతున్నాడు. ఏది నిజమక్కా?

అక్క: రెండు పుస్తకాల్లోనూ తప్పు లేదు. తేడా అంతా ఏప్లాకోఫోరా అనే ఒక్క గుంపు దగ్గరే వస్తుంది. దాన్ని ఒకే క్లాసుగా లెక్కేస్తే ఏడు, రెండుగా విడగొడితే ఎనిమిది. పాఠం చెప్పేటప్పుడు దీనికి అయిదు నిమిషాలు కూడా దొరకవు, నాకు ఎప్పుడూ అదే బాధ. నత్తలు, ఆల్చిప్పలు, ఆక్టోపస్‌ల మూలం గురించి వందేళ్లకు పైగా జరిగిన వాదన అంతా ఈ చిన్న జీవుల చుట్టూనే తిరిగింది.

తమ్ముడు: అసలు ఎట్లుంటాయవి?

అక్క: గాలానికి ఎర్రలు తవ్వే పిల్లగాడి చేతిలో పెడితే ఎర్రే అనుకుంటాడు. పొడుగ్గా, గుండ్రంగా ఉంటాయి. ఎక్కువ జాతులు కొన్ని మిల్లీమీటర్ల నుంచి కొన్ని సెంటీమీటర్ల లోపే. ఒకటి రెండు మాత్రం 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. గుల్ల లేదు, కళ్లు లేవు, తల ఎక్కడో చూడగానే చెప్పలేం. కానీ లెన్స్ కింద పెట్టి లైటు పక్క నుంచి వేస్తే ఒళ్లంతా తళతళలాడుతుంది. ఆ మెరుపు సన్నటి ముళ్లది, పొలుసులది. చర్మం మీద వరసగా పరుచుకుని ఉంటాయి. అవన్నీ అరగొనైట్, అంటే కాల్షియం కార్బొనేట్. చాలా నత్తల గుల్లలు కూడా దాంతోనే తయారవుతాయి.

తమ్ముడు: ఒక్క కాల్షియం చూసి చుట్టం అనేస్తే ఎట్ల?

అక్క: అనలేం. నోట్లో చూడాలి. వీటిలో చాలా జాతులకు రాడులా ఉంటుంది. పళ్లు వరసలుగా ఉండే నాలుక లాంటి భాగం అది, మొలస్కాలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. పైన ముళ్లు పుట్టించే ప్రావారం కూడా మొలస్కాదే. లోపల పొడుగునా నాలుగు నాడీ తాళ్లు పోతాయి, కైటాన్‌లో ఉన్నట్టే. ఈ కైటాన్‌ను గుర్తు పెట్టుకో, చివరిదాకా వస్తుంది.

తమ్ముడు: మీ ల్యాబ్‌లో సీసాలో ఉండేదే కదా?

అక్క: అదే. మూతకు మైనం పూసిన ఫార్మలిన్ సీసాలో ఉంటుంది. సముద్రం ఒడ్డున రాళ్లకు గట్టిగా అతుక్కుని బతికే జీవి. వీపు మీద ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కినట్టు ఎనిమిది పలకలు ఉంటాయి. పిల్లలు ఆ పలకలు లెక్కపెట్టి, బొమ్మ వేసి వదిలేస్తారు. పలకల చుట్టూ ఉండే కండ పట్టీని చూడమంటాను నేను. చాలా కైటాన్లలో ఆ పట్టీ మీద కూడా సన్నటి ముళ్లు, పొలుసులు ఉంటాయి. ఏప్లాకోఫోరా ఒంటి మీదా అలాంటివే.

తమ్ముడు: మరి రెండు క్లాసులు అన్నావు, అవి ఏవేవి?

అక్క: ఒకటి కాడోఫోవియేటా. ఇవి సముద్రం అడుగున బురదలో ఉంటాయి. తల కిందికి పెట్టి దిగబడతాయి, వెనక కొస మాత్రం బురద పైభాగానికి దగ్గరగా ఉంచుతాయి. ఆ కొసలోనే ఒక జత మొప్పలు. నోటి దగ్గర ఒక గట్టి కవచం లాంటిది ఉంటుంది. బురదలోని ఫొరామినిఫెరా లాంటి సూక్ష్మజీవులను తింటాయి. పాదం అసలు లేదు, ఆడా మగా వేరువేరు.

రెండోది సొలీనోగాస్టర్లు. వీటికి కడుపు వైపు పొడుగునా సన్నటి గాడి, ఆ గాడిలో చిన్న మడత. నత్త పాదంలో మిగిలింది ఆ మడతే. జిగురు వదులుతూ దాని మీద పాకుతాయి. చాలా జాతులు పగడాలకు చుట్టాలైన హైడ్రాయిడ్ల మీద, మెత్తటి పగడాల మీదే తిరుగుతూ వాటినే తింటాయి. అసలైన మొప్పలు లేవు, ఒకే జీవిలో ఆడా మగా రెండూ ఉంటాయి. రెండు గుంపులూ కలిపి 400కు పైగా జాతులకు పేర్లు పెట్టారు. ఎక్కువ భాగం లోతు సముద్రాల్లో ఉంటాయి కాబట్టి ఇంకా ఎన్నో దొరకాలి.

తమ్ముడు: ఇంత తేడా ఉన్నవి ఒక్క పేరు కిందికి ఎట్ల వచ్చాయి?

అక్క: స్వీడన్‌కు చెందిన స్వెన్ లొవెన్ 1844లో కీటోడెర్మా అనే జాతిని వర్ణించాడు. చాలాకాలం దాన్ని పురుగుల్లోనే లెక్కేశారు. 1875లో తుల్‌బెర్గ్ నియోమీనియాను వర్ణించాడు. మరుసటి ఏడాది జర్మన్ శాస్త్రవేత్త ఇహెరింగ్ ఈ గుంపుకు ఏప్లాకోఫోరా అని పేరు పెట్టి, కైటాన్ల పక్కన చేర్చాడు. ఎంత ముందుచూపో చూడు. అయినా అక్కడితో తేలలేదు.

20వ శతాబ్దంలో సాల్విని-ప్లావెన్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త వేరే దారి పట్టాడు. గుల్ల లేని ఈ పురుగులే మొదటి మొలస్కులకు దగ్గర, పలకలూ గుల్లలూ తర్వాత వచ్చాయన్నాడు. కైటాన్లను నత్తలతో కలిపి టెస్టారియా అనే గుంపు చేశాడు. అమెరికాలో వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన కేంద్రం నుంచి అమెలీ షెల్టెమా దానికి ఎదురు నిలబడింది. ఏప్లాకోఫోరా, కైటాన్లు ఒక కొమ్మ, దాని పేరు ఆక్యులిఫెరా. నత్తలు, ఆల్చిప్పలు, ఆక్టోపస్‌లు ఇంకో కొమ్మ, దాని పేరు కాంకిఫెరా. ఆమె మాట ప్రకారం ఈ పురుగులు మూలరూపం కాదు, ఒకప్పుడు ఉన్నవి పోగొట్టుకుని ఇట్లా తయారయ్యాయి.

తమ్ముడు: ఏమీ లేనిది పాతదే అయి ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది కదక్కా?

అక్క: అనిపిస్తుంది, అందుకే ఆ ఆలోచన అంత బలంగా నిలబడింది. వేములవాడలో తలనీలాలిచ్చి వచ్చినవాణ్ణి చూసి, వీడికి పుట్టినప్పటి నుంచి జుట్టే లేదంటే ఒప్పుకుంటావా? ఇంతకు ముందు ఉండేదనడానికి ఏదైనా గుర్తు ఉందా అని అడుగుతావు. షెల్టెమా పక్షం వాళ్లు వెతికింది ఆ గుర్తు కోసమే.

తమ్ముడు: దొరికిందా మరి?

అక్క: ఒక్కటి కాదు. 2011లో నేచర్ పత్రికలో రెండు వేరువేరు బృందాలు పెద్ద సంఖ్యలో జన్యువులు పోల్చి చెట్లు, అంటే వంశవృక్షాలు, వేశాయి. రెండింట్లోనూ ఏప్లాకోఫోరా, కైటాన్లు ఒకే కొమ్మ మీద కూర్చున్నాయి. మరుసటి ఏడాదే శిలాజం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది.

మన ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన కోటసారస్ అనే డైనోసార్‌ను హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టారు, చూశావు కదా. అవి ఎముకలు కాబట్టి మిగిలాయి. మెత్తటి పురుగు ఎట్ల మిగలాలి? ఇంగ్లండ్‌లో వేల్స్ సరిహద్దు దగ్గర హెర్‌ఫర్డ్‌షైర్‌లో సైలూరియన్ కాలపు అగ్నిపర్వతం బూడిద సముద్రజీవులను ఉన్నపళంగా కప్పేసింది. దాని లోపల గట్టి ముద్దలు ఏర్పడి, వాటిలో జీవుల ఆకారం అట్లాగే ఉండిపోయింది. అయితే రాయి పగలగొట్టి బయటికి తీయడం కుదరదు. వెంట్రుక మందం కూడా లేనంత పొర అరగదీస్తారు, ఫొటో తీస్తారు, మళ్లీ అరగదీస్తారు. పని అయ్యేసరికి శిలాజం పొడి అయిపోతుంది. వందల ఫొటోలను కంప్యూటర్‌లో పేర్చితే జీవి మూడు కొలతల్లో లేచి వస్తుంది.

అట్లా 2012లో కులిండ్రోప్లాక్స్ బయటపడింది. వయసు సుమారు 42.5 కోట్ల ఏళ్లు. ఒళ్లు ఏప్లాకోఫోరాది, పురుగులా గుండ్రంగా, ముళ్లతో. వీపు మీద మాత్రం కైటాన్‌కు ఉన్నట్టు పలకలు, ఏడు.

తమ్ముడు: ఏడా? ఎనిమిది కాదా?

అక్క: ఏడే. ఇంకో విషయం విను. 1890లో ప్రూవో అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఒక సొలీనోగాస్టర్ లార్వా, అంటే పిల్ల దశ, వీపు మీద ఏడు పలకలు చూశానని రాశాడు. నిజమా కాదా అని వందేళ్లకు పైగా వాదించుకున్నారు. తర్వాత 2013లో వియన్నా బృందం వైరేనియా అనే సొలీనోగాస్టర్ లార్వాలో కండరాలు ఎట్ల పెరుగుతాయో చూసింది. కైటాన్‌లో ఉండే కండరాల అమరిక దీని లార్వాలోనూ కనిపించి, పెద్దయ్యేసరికి చాలావరకు పోతోంది. పలకలు లేని జీవికి పలకల జీవి కండరాలు ఎందుకు? పూర్వీకుల నుంచి వచ్చాయి కాబట్టి.

తమ్ముడు: అయితే వాదన ముగిసినట్టేనా?

అక్క: పెద్ద కొమ్మల వరకు చాలామంది ఒప్పుకున్నారు. లోపలి కొమ్మలు సర్దడం ఇంకా నడుస్తోంది. సొలీనోగాస్టర్లను ముళ్ల ఆకారం చూసి ఆర్డర్లుగా, అంటే క్లాసు లోపలి చిన్న గుంపులుగా, విడగొట్టారు. బోలు సూదులున్నవన్నీ కావిబెలోనియా. 2019లో జన్యువులతో చూస్తే అవి ఒకే కొమ్మవి కాదని తేలింది. బోలు సూదులు వేరువేరు కొమ్మల్లో విడివిడిగా పుట్టాయి. అదే పరిశోధనలో అపోడొమీనియా అనే కొత్త జాతిని కూడా వర్ణించారు. సొలీనోగాస్టరే, కానీ పాదం లేదు, రాడులా కూడా లేదు. చూపుకు రెండు క్లాసుల మధ్య వంతెనలా ఉంటుంది. జన్యువులు చూస్తే వంతెన కాదు, ఉన్నవి కూడా వదిలేసుకున్న సొలీనోగాస్టర్. 2025లో మళ్లీ హెర్‌ఫర్డ్‌షైర్ నుంచే పంక్, ఈమో అని రెండు శిలాజాలకు పేర్లు పెట్టారు. అవీ ఆక్యులిఫెరా కొమ్మవే. ఆ కొమ్మ తొలినాళ్లలో మనం అనుకున్నదానికన్నా ఎన్నో రకాలుగా ఉండేదని వాటితో తెలిసింది.

తమ్ముడు: మరి కరీంనగర్ తమ్ముడు పరీక్షలో ఏం రాయాలి?

అక్క: ప్రశ్నలో సిలబస్ పుస్తకం ప్రకారం అని ఉంటే ఆ పుస్తకంలో ఉన్న సంఖ్యే రాయమను, మార్కులు పోగొట్టుకోవద్దు. అట్లా ఏమీ లేకపోతే ఎనిమిది రాసి, కాడోఫోవియేటా, సొలీనోగాస్టర్లు అని రెండు పేర్లూ విడిగా పెట్టమను. కొందరు ఈ రెండింటినీ ఏప్లాకోఫోరా అనే ఒకే క్లాసుగా తీసుకుంటారని పక్కన ఒక వాక్యం చేర్చమను. చెట్టు బొమ్మ వేయాల్సి వస్తే మాత్రం వీటిని అన్నిటికన్నా కింద, మూలంలో వేయొద్దు. చాలా పాత నోట్సుల్లో అట్లాగే ఉంటుంది, దాన్ని చూసి దించొద్దు. కైటాన్ పక్కన వేయమను.