పచ్చి బియ్యం, బీఫ్ కీమాతో మీట్‌బాల్స్: టమాటా సాస్‌లో ఉడికే అమెరికన్ ఇంటివంట

నమస్తే అండీ. ఇవాళ పోర్క్యుపైన్ మీట్‌బాల్స్ చేసుకుందాం. పేరులో ముళ్లపంది ఉంది కదా అని కంగారు పడకండి, ఇందులో వేసేది బీఫే. కీమాలో పచ్చి బియ్యం కలిపి ఉండలు చేసి, టమాటా సాస్‌లో మూతపెట్టి ఉడికిస్తాం. ఉడికేకొద్దీ మెతుకులు పొడుగై, ఉండ చుట్టూ ముళ్లలా బయటికి పొడుచుకొస్తాయి. ఆ పేరు అందుకే వచ్చింది.

అమెరికాలో 1929 తర్వాత వచ్చిన ఆర్థిక మాంద్యం రోజుల్లో బాగా నిలదొక్కుకున్న వంట ఇది. మాంసం ఎక్కువ కొనే స్తోమత లేని ఇళ్లల్లో, ఉన్న కాస్త కీమాకి బియ్యం తోడుచేసి ఇంటిల్లిపాదికీ సరిపెట్టేవాళ్లు. చాలామంది సాస్ కూడా విడిగా చేసేవాళ్లు కాదు. కండెన్స్‌డ్ టమాటా సూప్ డబ్బా ఒకటి విప్పి, నీళ్లు కలిపి పోసేయడమే. కాంప్‌బెల్స్ అనే కంపెనీ వాళ్ల ఆ సూప్ డబ్బాలు 1897 నుంచీ ఉన్నాయి. ఇప్పటికీ అలా చేసేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ తీపి పడదు, అందుకే సాస్ ఇంట్లోనే చేస్తున్నాను.

ముందు కీమా సంగతి. నేనుండే ఇక్కడ అమెరికాలో ఒక పౌండు ప్యాకెట్ తీసుకున్నాను, అంటే సుమారు 450 గ్రాములు. ప్యాకెట్ మీద 85/15 అని ఉంది చూడండి, 85 పాళ్లు మాంసం, 15 పాళ్లు కొవ్వు. 80/20 అయినా బాగుంటుంది. 93 శాతం లీన్, అంటే కొవ్వు బాగా తక్కువున్నది మాత్రం వద్దు, ఉండలు పొడిపొడిగా అయిపోతాయి. ఈ కీమాని కడగకండి. అవును, మనకి మాంసం కడగకుండా పొయ్యి మీద పెట్టాలంటే చెయ్యి రాదు, నాకు తెలుసు. కానీ కీమా కడిగితే నీళ్లు పీల్చేసుకుంటుంది, ఇక ఉండ నిలవదు.

హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో ఉండి చూస్తున్నవాళ్లకి ఒక మాట. మన దగ్గర పెద్దకూర అని అమ్మేది ఎక్కువగా గేదె మాంసం. అందులో కొవ్వు తక్కువ, పీచు కాస్త గట్టి. ముక్కలు తీసుకుని, కడిగి, నీళ్లు పూర్తిగా వాడ్చాక, కొంచెం కొవ్వు కలిపి రెండుసార్లు కీమా మిషన్‌లో ఆడించండి. ఉడకడానికి ఇంకో పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే తేడా.

ఇప్పుడు బియ్యం. అర కప్పు, పచ్చివే. నానబెట్టలేదు, సగం ఉడికించలేదు. ఒకసారి కడిగి, జల్లెడలో వేసి నీళ్లు వాడ్చానంతే. పొడుగు గింజ కావాలి, అందుకే బాస్మతి. సోనా మసూరితో చేస్తే రుచికి లోటుండదు కానీ ముళ్లు రావు, గింజ మెత్తబడి కీమాలో కలిసిపోతుంది. ఇక్కడి షాపుల్లో దొరికే ఇన్‌స్టంట్ రైస్ అసలే వద్దు, అది ముందే ఉడికించి ఆరబెట్టినది. మిగిలిన అన్నం కలపొచ్చా అంటే, కలపొచ్చు, కానీ అది వేరే వంట. అన్నం అప్పటికే నీళ్లు తాగేసి ఉంటుంది. పచ్చి బియ్యమైతే ఉండలో ఊరే రసాన్నీ, బయట ఉన్న సాస్‌నీ తాగుతూ ఉడుకుతుంది. ఈ వంటలో మిగతా పనులన్నీ ఆ బియ్యం కోసమే చేస్తున్నాం.

గిన్నెలో కీమా, బియ్యం వేశాను. ఒక చిన్న ఉల్లిపాయ, తరగలేదు, తురిమాను. తురిమితే రసం దిగుతుంది, బియ్యానికి అది పనికొస్తుంది. టీస్పూను ఉప్పు, అర టీస్పూను మిరియాల పొడి, రెండు వెల్లుల్లి రెబ్బల తురుము, పావు కప్పు నీళ్లు. గుడ్డు, బ్రెడ్ పొడి అక్కర్లేదు. అల్లం, గరం మసాలా వేయాలని చెయ్యి పీకుతుంటుంది. వేస్తే కోఫ్తా కూర అవుతుంది, అదీ బాగుంటుంది, ఇంకో రోజు చేసుకోండి.

కలిపేటప్పుడు పిండి పిసికినట్టు పిసకొద్దు. వేళ్లు విడిగా పెట్టి, అంతా ఒకసారి కలిసేదాకా తిప్పండి చాలు. ఎక్కువ పిసికితే మాంసం సాగి రబ్బరులా బిగుసుకుంటుంది. ఉండ కూడా చిన్న నిమ్మకాయంత తీసుకుని, అరచేతుల్లో వదులుగా తిప్పండి. ఇదిగో, ఇలా. పైన చిన్న చిన్న పగుళ్లున్నా పర్లేదు. లోపల బియ్యం ఉబ్బుతుంది కదా, దానికి చోటు ఉండాలి. నున్నగా రావాలని గట్టిగా నొక్కితే, ఉడికేటప్పుడు రెండుగా విచ్చుకుంటుంది. చెయ్యి అంటుకుంటుంటే నీళ్లతో తడుపుకోండి. ఈ కొలతకి ఒక 18, 20 ఉండలు వస్తాయి. పళ్లెంలో పెట్టి పక్కన ఉంచండి.

సాస్‌కి వెడల్పాటి, అడుగు మందం ఉన్న గిన్నె కావాలి, గట్టిగా పట్టే మూతతో. ఉండలన్నీ ఒకే వరసలో పట్టాలి, ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు. రెండు చెంచాల నూనె, ఒక ఉల్లిపాయ సన్నగా తరిగి, రంగు మారేదాకా వేయించండి. రెండు వెల్లుల్లి రెబ్బలు. ఇప్పుడు 425 గ్రాముల టమాటా సాస్ డబ్బా ఒకటి. కెచప్ కాదండోయ్, తీపి లేకుండా డబ్బాలో వచ్చే టమాటా గుజ్జు. ఇండియాలో అయితే అరకిలో పైచిలుకు బాగా పండిన టమాటాలు ఉడికించి, తొక్క తీసి, మిక్సీ పట్టేయండి. నాటు టమాటాలు పులుపెక్కువ, చిన్న బెల్లం ముక్క వేస్తే సర్దుకుంటుంది.

ఇందులో ఒక టేబుల్ స్పూను వూస్టర్ సాస్. ఇంగ్లండ్‌లో పుట్టిన సీసా అయినా అందులో చింతపండు ఉంటుంది, ఉప్పులో ఊరిన చేపలు కూడా ఉంటాయి. అది దొరక్కపోతే అర చెంచా చింతపండు గుజ్జు, అర చెంచా సోయా సాస్ కలిపి వేయండి, పని జరిగిపోతుంది. ఉప్పు కొంచెం తగ్గించి వేయండి, ఉండల్లో ఉంది, వూస్టర్ సాస్‌లో ఉంది.

ఇక నీళ్లు. కప్పున్నర. (గరిటెతో ఎత్తి చూపిస్తూ) చూడండి, సాంబారు కన్నా పల్చగా ఉంది. ఇదేంటి, ఇంత నీళ్లగా ఉందే అనిపిస్తుంది. అలాగే ఉండాలి. అర కప్పు బియ్యం ఇందులోంచే నీళ్లు తాగాలి. మొదటే చిక్కటి సాస్‌లో వేస్తే, సాస్ అడుగంటుతుంది, బియ్యం పలుకుగా ఉండిపోతుంది. పైగా టమాటా పులుపు వల్ల బియ్యం మామూలు నీళ్లలో కన్నా నెమ్మదిగా ఉడుకుతుంది.

సాస్ తెర్లుతున్నప్పుడు ఉండల్ని ఒక్కొక్కటిగా దింపండి. ముందు నూనెలో వేయించి ఎర్రగా చేసుకునే పద్ధతి కూడా ఉంది, చాలా వీడియోల్లో అదే చూపిస్తారు. నేను చెయ్యను. పైన ఉన్న పచ్చి గింజలు నూనెలో వేగి గట్టిపడతాయి, కొన్ని ఊడి నూనెలో తేలతాయి. ముళ్ల కోసం ఇంత చేసి, ఆ ముళ్లనే పాడుచేసుకోవడం ఎందుకు?

అన్నీ వేశాక మంట పూర్తిగా తగ్గించి, మూత పెట్టేయండి. మొదటి 20 నిమిషాలు గరిటె ముట్టుకోవద్దు. అడుగంటుతుందేమోనని టెన్షన్ పడితే, గిన్నె రెండు చెవులూ పట్టుకుని కాస్త కదపండి. ఈలోపు ఉండలు గట్టిపడతాయి. అప్పుడు చెంచాతో నెమ్మదిగా తిప్పి, మళ్లీ మూత పెట్టి ఇంకో 25 నిమిషాలు. సాస్ మరీ దగ్గరపడితే అర కప్పు వేడినీళ్లు పోయండి, చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది.

(మూత తీసి, కెమెరా దగ్గరగా) చూశారా, ముళ్లు! పిల్లలున్న ఇంట్లో ఈ మూత వాళ్ల ముందే తీయండి, వాళ్లకి ఈ వంటలో ఇష్టమైన ఘట్టం ఇదే.

ఉడికిందో లేదో రంగు చూసి తేల్చకండి. కీమా ఒక్కోసారి ఉడికాక కూడా గులాబీ రంగులోనే ఉంటుంది, ఒక్కోసారి ఉడక్కముందే గోధుమ రంగుకి వచ్చేస్తుంది. థర్మామీటర్ ఉంటే ఉండ మధ్యలో గుచ్చండి, 71 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో 160. తర్వాత ఒక ఉండ విరిచి, మధ్యలో ఉన్న మెతుకు నలిపి చూడండి. నడుమ తెల్లగా సున్నంలా పలుకు తగిలితే ఇంకో 10 నిమిషాలు ఉంచండి.

పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేకపోతే ఓవెన్ ఉంది. సాస్ మరగకాచి, ఉండలు వేసి, గిన్నెని ఫాయిల్‌తో గట్టిగా మూసి, 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక గంట. ప్రెషర్ కుక్కర్‌లో కూడా అవుతుంది కానీ టమాటా చిక్కబడి అడుగున పట్టేస్తుంది, నీళ్లు ఇంకో అర కప్పు పెంచాలి. నాకు కుక్కర్‌లో చేసినవి అంత నచ్చవు, ముళ్లు విరిగిపోతాయి.

ఇక్కడివాళ్లు దీన్ని మెత్తగా మెదిపిన బంగాళాదుంప, ఉడికించిన బీన్స్‌తో తింటారు. బ్రెడ్‌తో సాస్ అద్దుకున్నా బాగుంటుంది. లోపల బియ్యం ఉంది కాబట్టి మళ్లీ అన్నం అక్కర్లేదు, అయినా మన ఇళ్లల్లో అన్నంలోకే వేసుకుంటారు, నేనేం అనను. అలా తినేటట్టయితే సాస్ కాస్త పల్చగానే దించి, పైన మిరియాల పొడి ఇంకొంచెం చల్లండి.

మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి, మూడు రోజులు ఉంటుంది. మర్నాటికి ఉన్న సాసంతా బియ్యం తాగేసి, గిన్నె పొడిగా కనిపిస్తుంది. వేడిచేసేటప్పుడు పావు కప్పు నీళ్లు పోసి, మూతపెట్టి సన్నమంట మీద ఉంచితే సాస్ మళ్లీ వదులవుతుంది.