అమ్మ కోసం చిన్న కామ్‌కార్డర్: ఉంచుకోవాలా, వాపసు ఇవ్వాలా?

అందరికీ నమస్కారం. ఇక్కడ అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని ఫ్రిస్కోలో ఇప్పుడు మధ్యాహ్నం రెండున్నర. తెనాలిలో రాత్రి ఒంటిగంట, అమ్మ మంచి నిద్రలో ఉంటుంది. తను లేచి కాఫీ పెట్టుకునేసరికి ఈ వీడియో ఫోన్లో ఉండాలి, అందుకే ఇప్పుడు తీస్తున్నాను.

నా చేతిలో ఉన్నది చిన్న కామ్‌కార్డర్, అంటే వీడియోలు తీసే కెమెరా. ఫోన్ ఉండగా ఇదెందుకని మా వారు కూడా అడిగారు. పోయిన నెల తెలుగు క్లాసు పిల్లల కార్యక్రమంలో మా చిన్ని వేమన పద్యం చెప్పింది. మాకు వెనక వరసలో చోటు దొరికింది. అక్కడి నుంచి ఫోన్లో తీసి పంపితే, "పద్యం బాగా చెప్పిందే, కానీ పిల్ల మొహమేదీ?" అంది అమ్మ. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

షాపులో చీటీ మీద ధర 229.99 డాలర్లు. మనకి ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది. ఇక్కడ కౌంటర్ దగ్గర కలుపుతారు. మా ఊళ్లో అమ్మకం పన్ను 8.25 శాతం, బిల్లు 248.96 అయింది. డాలరు 85 రూపాయలు వేసుకున్నా 21 వేల పైనే. మెమరీ కార్డుకి ఇంకో 12 డాలర్లు, అంటే వెయ్యి దాటింది. నచ్చకపోతే పదిహేను రోజుల్లో బిల్లు చూపించి వాపసు ఇచ్చేయొచ్చు. ఇవాళ పదకొండో రోజు.

చూడండి, అరచేతిలో పట్టేస్తుంది. 200 గ్రాములు కూడా లేదు. మా పెద్ద మామయ్య అమెరికా నుంచి వచ్చినప్పుడు సోనీ హ్యాండీక్యామ్ తెచ్చేవాడు. దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు, మేమంతా చుట్టూ మూగేవాళ్ళం. 1989లో పాస్‌పోర్టు అంత సైజు అని సోనీ గొప్పగా చెప్పుకున్న మోడల్ బరువే 790 గ్రాములు. మామయ్య తీసిన అమ్మమ్మ షష్టిపూర్తి క్యాసెట్ ఇంకా మా బీరువాలోనే ఉంది, వేసి చూడ్డానికి ప్లేయరే లేదు. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఈసారి వెళ్ళినప్పుడు తప్పకుండా ఆ పని చేయిస్తాను, అందులో తాతయ్య గొంతుంది.

సరే, జూమ్ సంగతి. మొన్న స్కూల్ బస్సు వచ్చే టైముకి వీధి చివర నిలబడ్డాను. ఇక్కడ పసుపు బస్సు ఆగి ఎర్ర లైట్లు వెలిగించిందంటే, మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద ముందూ వెనకా వచ్చే బళ్ళన్నీ ఆగిపోవాలి. దాటి వెళ్తే టెక్సస్‌లో జరిమానా కనీసం 500 డాలర్లు, 42 వేల పైమాటే. ఒక్కరూ హారన్ కొట్టరు. రోడ్డంతా ఆగిపోతే, వీపు మీద బరువైన బ్యాగుతో మా ఆరేళ్ళ పిల్ల నింపాదిగా దిగుతుంది. చూసిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

దీనికి 30ఎక్స్ ఆప్టికల్ జూమ్, అంటే లెన్సుతోనే 30 రెట్ల వరకు దగ్గరకి లాగుతుంది. ఫోన్లో వేళ్ళతో లాగితే చాలావరకు బొమ్మని సాగదీస్తుంది, మొహం అలుక్కుపోతుంది. ఇందులో లోపల లెన్సు అద్దాలే కదులుతాయి, అందుకే మొహం తేటగా వస్తుంది. అయితే పూర్తిగా జూమ్ చేశాక మన ఊపిరికి కూడా బొమ్మ ఊగుతుంది. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, పోస్టు డబ్బాకి భుజం ఆనిస్తే నిలబడింది.

పంపడమే కష్టం. మంచి క్వాలిటీలో తీస్తే నిమిషానికి 210 ఎంబీ. అమ్మ ఫోన్లో రోజుకి ఒకటిన్నర జీబీ, అంటే ఏడు నిమిషాలకే అయిపోతుంది. కార్డు తీసి, ల్యాప్‌టాప్‌లో పెట్టి, కుదించి పంపాలి. సాయంత్రం దీపం వెలుగులో తీస్తే నల్లచోట్ల ఇసక జల్లినట్టు చుక్కలొచ్చాయి. లోపల వెలుగుని పట్టే సెన్సర్ చిన్నది, అంతకంటే రాదు. ఇండియా తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు ఇంకోటి గమనించండి: ఇక్కడ కరెంటు 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 సార్లు ఊగుతుంది, మనది 50. ఇక్కడి కరెంటు లెక్కకి సరిపెట్టిన కెమెరాతో మన పాత ట్యూబులైటు కింద తీస్తే వెలుగు రెపరెపలాడుతుంది. షట్టర్ వేగం సెకనులో 1/100 వంతుకి మార్చుకునే వీలున్న మోడలైతే ఆ ఇబ్బంది ఉండదు.

నన్ను బాగా ఆలోచనలో పడేసింది మైకు. వంటింట్లో చిన్ని బొమ్మలేసుకుంటుంటే పది నిమిషాలు తీశాను. వెనక్కి వేసి వింటే గుయ్‌ మని ఒకటే మోత. కెమెరా పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే అది మా ఫ్రిజ్. చుట్టూ చప్పుడు లేకపోతే మైకు తనంతట తనే శబ్దాన్ని పెంచుకుంటుందట, ఉన్న కాస్త మోతనీ పెద్దది చేస్తుంది. తెనాలి ఇంట్లో అయితే ఫ్రిజ్ మోత ఎవరికి వినిపిస్తుంది? పక్కింటి కుక్కరు, వీధిలో కూరల బండి, నాన్న పెట్టుకున్న వార్తలు. ఇక్కడ నాలుగేళ్ళుగా ఉంటున్నాను, మా ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆ రోజే విన్నాను. విడిగా ఇంకో మైకు గుచ్చుకునే వీలు దీనికి లేదు.

నిన్న రాత్రి ఆ రెండు వీడియోలూ చూసి అమ్మ ఫోన్ చేసింది. "ఇంట్లో ఎవరూ లేరేమే, అంత నిశ్శబ్దంగా ఉంది?" అంది ముందు. నేనేం చెప్పలేదు. తర్వాత, "చిన్నికి పై పన్ను ఊడిందిగా, చెప్పలేదేం? బస్సు దిగుతూ నవ్వింది చూడు, అప్పుడు కనపడింది. ఆ పన్ను ఏం చేశారు?" అని అడిగింది. ఆ పన్ను ఊడి అప్పటికి రెండు రోజులు.

కామ్‌కార్డర్ ఉంచుకుంటున్నాను. మైకు పెట్టుకునే వీలున్న చిన్న మోడల్ ఎవరైనా వాడుతుంటే కింద చెప్పండి, తర్వాత కొనేవాళ్ళకి పనికొస్తుంది. చిన్ని బస్సు టైమైంది, ఉంటాను మరి.